చివరి పోగు వెనక దన్ను

(కడపలో ఒక మిత్రుడి షెడ్డులో, ఇంట్లో చెక్కపని చేసుకునే కొందరి ముందు, కూరగాయలు తరిగే చెక్క పలకను చదును చేయడం గురించి ఒక ఆదివారం పొద్దున చెప్పిన మాటలు. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం.)

అందరూ వచ్చినట్టే కదా? వెనకున్న అన్నలు కొంచెం ముందుకు జరగండి, ఫ్యాను ఇక్కడే ఉంది. అక్కడ రేకు కింద కూర్చుంటే అర్ధగంటకే వేగిపోతారు.

నేను వడ్రంగిని కాను, ముందే చెప్తున్నా. బ్యాంకులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ని. మొదటి వరసలో ఆచారి గారు కూర్చున్నారు. ఆయన ముందు చెక్కను నున్నగా గీసే చిత్రిక గురించి మాట్లాడాలంటే నాకు భయమే. తప్పు చెప్తే అక్కడే ఆపండి ఆచారి గారూ, మొహమాటం వద్దు.

ఒక మాట అడుగుతా. మన అమ్మలు కూరగాయలు దేని మీద తరిగేవాళ్లు? కత్తిపీట మీద. అక్కడ పలకతో పనే లేదు. కత్తి కదలకుండా నిలబడి ఉంటుంది, వంకాయే వచ్చి దానికి తగులుతుంది. ఇప్పుడు మనం నిలబడి వండుతున్నాం. కత్తిపీట అటకెక్కింది. వంటగట్టు మీదికి నల్ల బండ వచ్చింది. ఎక్కడెక్కడి ఇళ్లల్లోనో ఆ బండను మన ఊరి పేరుతోనే పిలుస్తారు, కడప బండ అని. సంతోషమే. కానీ ఆ బండ మీదే నేరుగా కత్తి పెట్టి తరిగితే కత్తి గతి ఏమవుతుంది? అందుకే పలక కావాల్సి వచ్చింది.

మరి మన ఊళ్లో పలకే లేదా? ఉంది. మటన్ అంగడికి పోయి చూడండి. చింతమొద్దు. దాన్ని పడుకోబెడతారా, నిలబెడతారా? నిలబెడతారు! చెట్టు ఎట్లా నిలబడి ఉండిందో మొద్దూ అట్లాగే నిలబడి ఉంటుంది. చెక్కలో నారలాంటి పోగులన్నీ పైకి చూస్తుంటాయి. కత్తి పడితే పోగుల సందులోకి దిగుతుంది, తీస్తే పోగులు మళ్లీ దగ్గరపడతాయి. అదే పడుకోబెట్టిన చెక్క మీద కొడితే పోగు అడ్డంగా తెగుతుంది. గాటు అట్లాగే నిలిచిపోతుంది, కత్తి అంచూ తొందరగా పోతుంది. ఎండ్ గ్రెయిన్ బోర్డు, ఎండ్ గ్రెయిన్ బోర్డు అని ఫోన్లో వీడియోలు చూసి ముచ్చటపడుతున్నామే, అది ఈ చింతమొద్దే. చిన్న చిన్న చదరాలుగా కోసి, పోగులు పైకి చూసేటట్టు తిప్పి, అతికించారు. అంతే.

ఏ చెక్క అని ఇందాక ఎవరో అడిగారు. చింత, టేకు, బాగా ఆరిన తుమ్మ, వేప... మన టింబర్ డిపోల్లో తునకలు దొరుకుతాయి. వేపకు మొదట్లో కొంచెం వాసన ఉంటుంది, కొందరికి నచ్చదు. ఎర్రచందనం తునకలు దొరికితే చేయొచ్చా అని ఒక తమ్ముడు నా చెవిలో అడిగాడు. అందరి ముందే చెప్తా నాయనా. ఆ చెట్టు మన శేషాచలం కొండల్లో, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. లెక్కాపత్రం లేని తునక ఇంట్లో పెట్టుకుంటే ఉల్లిపాయలు తరిగే పలక కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. వద్దు.

సరే, అసలు విషయానికి వద్దాం. అతికించాక పలక చదునుగా ఉండదు. ఎందుకుండదు? ఒక్కో కమ్మీ, అంటే అతికించే చెక్క ముక్క, అర మిల్లీమీటరు పైకో కిందికో జారుతుంది. ముక్కల్ని నొక్కిపట్టే క్లాంపు బిగించేటప్పుడు జిగురు మీద చెక్క జారుతుంది, సబ్బు మీద కాలు జారినట్టు. అందుకే నేనేమంటానంటే, చదును చేసే పని చదును చేసే రోజు మొదలవ్వదు. అతికించే రోజే మొదలవుతుంది. ఆ రోజు పది నిమిషాలు ఎక్కువ పెట్టుకుంటే తర్వాత రెండు గంటల రుద్దుడు తప్పుతుంది. కమ్మీలను ముందు జిగురు లేకుండా బండ మీద పరిచి చూసుకోండి. మన దగ్గర బండలకు కరువా? పాలిష్ పట్టిన బండ ముక్క ఒకటి షెడ్డులో పెట్టుకోండి. దాని మట్టం కూడా ఉక్కు స్కేలు నిలబెట్టి ఒకసారి చూసుకోండి. బండ కదా అని నమ్మేయొద్దు. తర్వాత పలక మీద, కింద అడ్డంగా తిన్నటి కట్టెలు పెట్టి వాటికీ క్లాంపులు వేయండి. ఆ కట్టెలకు ముందే ప్యాకింగ్ టేపు చుట్టండి. లేకపోతే అవి కూడా పలకలో భాగమైపోతాయి. నాకు ఒకసారి అయ్యాయి కూడా. జిగురు నీళ్లకు తట్టుకునే రకం వాడండి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. పొంగిన జిగురు రబ్బరులా ఉన్నప్పుడే గీకేయండి. రాయిలా గట్టిపడ్డాక గీకితే చెక్కను కూడా పెరుక్కొని వస్తుంది.

ఇప్పుడు నా మొదటి బోర్డు కథ చెప్తా. పన్నెండుకు పదహారు అంగుళాలు, రెండు అంగుళాల మందం. టేకు, వేప. అంతా ఎగుడుదిగుడు. చేత్తో రుద్దే ఓపిక నాకు లేదు. తెలిసినాయన దగ్గర పెద్ద ప్లేనర్ మిషన్ ఉంది. ఒక పక్క పెడితే ఇంకో పక్క నున్నగా వచ్చేస్తుంది కదా, ఐదు నిమిషాల పని అనుకున్నా. అక్కడ పనిచేసే పిల్లోడు చూసి, 'సార్, ఇది అడ్డకోత ముఖం, మిషన్‌కు పెట్టొద్దు సార్' అన్నాడు. అడ్డకోత అంటే పోగులు పైకి చూసే ముఖం. నేను విన్నానా? ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చున్నవాణ్ని, పదో తరగతి చదివిన పిల్లోడి మాట వింటానా! పెట్టమన్నా. ఆ పిల్లోడు ఒక్క పని మాత్రం చేశాడు. నన్ను చెయ్యి పట్టి మిషన్ ఎదురు నుంచి పక్కకు లాగాడు.

పలక ముప్పావు వంతు బాగానే పోయింది. చివర్లో టపాకాయ పేలినట్టు ఒక శబ్దం. చివరి వరస మొత్తం ఊడి వెనక్కి ఎగిరొచ్చి ఎదురుగా ఉన్న షట్టరుకు కొట్టుకుంది. షట్టరుకు సొట్ట పడింది. ఆ సొట్ట నా నడుం ఎత్తులో ఉంది. ఇంటికి పోయాక ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నా, మా ఆవిడ ఇక్కడ లేదు కాబట్టి.

ఎందుకట్లా అయింది? జొన్న సొప్ప కట్ట ఒకటి నిలబెట్టుకోండి. పైన కొడవలితో ఒక పక్క నుంచి అడ్డంగా కోసుకుంటూ పోండి. మొదటి దంటు తెగుతుంది. ఎందుకంటే దాని వెనక ఇరవై దంట్లు దన్నుగా ఉన్నాయి. నడిమి దంటు తెగుతుంది, దానికీ దన్ను ఉంది. చివరి దంటు? దాని వెనక ఏముంది? గాలి. అది తెగదు, వంగి చీలుతుంది. ఎండ్ గ్రెయిన్ పలక కూడా అంతే, నిలబెట్టిన సొప్ప కట్ట. ప్లేనర్‌లో కత్తులు చెక్క పోయే దిశకు ఎదురు తిరుగుతాయి. అంటే పలక వెనక అంచును బయటికి తోస్తాయి. బయటికి అంటే ఎటు? పలకను పెట్టినవాడి వైపు. ఊడిన ముక్క ఎవరి మీదికి వస్తుంది? వాడి మీదికే.

లేదు సార్, చుట్టూ దబ్బలు అతికించి, స్పైరల్ కటర్, అంటే మెలికగా అమర్చిన కత్తులు, ఉన్న మిషన్‌లో వెంట్రుక మందం తీస్తూ పెడుతున్నారు, వీడియోలో చూశాం అంటారు. నేనూ చూశా. పెట్టేవాళ్లున్నారు, సరిగ్గా వచ్చినవే వీడియోలో పెడతారు. ఇంట్లో పనిచేసుకునే మనకు నా మాట ఒక్కటే. ప్లేనర్‌కు ఎండ్ గ్రెయిన్ పెట్టొద్దు. ఈ రోజు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక చేత్తో చేసే పని. చిత్రిక. మామూలు చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది. అడ్డకోత మీద అది గీరుకుంటుంది. అందుకే వాలు తక్కువ ఉన్న ఇనుప చిత్రికలు వచ్చాయి. అందులో బ్లేడు 12 డిగ్రీల మీద పడుకుంటుంది, దాని పదును 25, రెండూ కలిపి 37 డిగ్రీల్లో కోస్తుంది. అవి లేకపోతే పని కాదా? అవుతుంది. మన చెక్క చిత్రికతోనే అవుతుంది. ఆచారి గారు తలూపుతున్నారు చూడండి! బ్లేడు ముంజేతి వెంట్రుకలు గీసేంత పదునుండాలి. తడిగుడ్డతో పలక ముఖాన్ని ఒకసారి తుడవాలి. పోగు మెత్తబడుతుంది. చిత్రికను కొంచెం ఏటవాలుగా పట్టి తోయాలి. అన్నిటికంటే ముఖ్యం ఏమిటి? ఇటు అంచు నుంచి అటు అంచుకు తోసుకుంటూ పోకూడదు. అంచు నుంచి నడిమికి రావాలి, పలక తిప్పి మళ్లీ అంచు నుంచి నడిమికి. ఎందుకు? చివరి దంటు! నడిమిలో ఆగితే చివరి దంటు దాకా పోయే పనే లేదు. ఇంకా భయంగా ఉంటే పని మొదలుపెట్టే ముందే నాలుగు అంచులనూ ఏటవాలుగా మూడు మిల్లీమీటర్లు గీసేయండి. మీరు తీయబోయే మందం కంటే ఆ ఏటవాలు లోతుగా ఉండాలి. గుర్తుంటుందా?

ఏమన్నారు ఆచారి గారూ? ...ఆయనేమంటున్నారంటే, ఆయన నాన్నగారు పలక వెనక వేస్టు కట్టె ఒకటి బిగించి అప్పుడే చిత్రిక పట్టేవారట. చూశారా, అదే దన్ను. నేను షట్టరుకు సొట్ట పెట్టి తెలుసుకున్నది ఆయన ఇంట్లో చిన్నప్పుడే తెలుసు.

చేతిపని అందరికీ కుదరదు. భుజం నొప్పి ఉంటుంది, నాకూ ఉంది. మిషన్ కావాలంటే రౌటరు, అంటే బిట్టు అనే చిన్న కత్తిని వేగంగా తిప్పి చెక్కను గీసేది, దానికి ఒక బండి. ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నదే. దగ్గరికొచ్చి చూడండి, ప్లగ్గు తీసే ఉంది. కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. రెండు పక్కలా రెండు పట్టాలు. నేను అల్యూమినియం కిటికీలు చేసే అంగట్లో మిగిలిన పెట్టె సెక్షను తెచ్చుకున్నా. చెక్క పట్టాలు వానాకాలం వంగుతాయి, ఇది వంగదు. పట్టాల మీద ఈ బండి అడ్డంగా నడుస్తుంది, బండిలో రౌటరు. పట్టాలు మట్టంగా ఉంటే బిట్టు ఎప్పుడూ ఒకే ఎత్తులో తిరుగుతుంది. కింద పలక ఎంత వంకరగా ఉన్నా సరే, ఎత్తున్నచోటే కోస్తుంది.

పలకను ఎట్లా పెట్టాలి? ఊగుతుంది కదా. ఒక మూల నొక్కితే ఎదురు మూల లేస్తుంది. లేచిన సందు మూడు మిల్లీమీటర్లు ఉందనుకోండి. ఒకే మూల కింద మూడూ పెట్టేయకండి. ఇటు ఒకటిన్నర, అటు ఒకటిన్నర పంచండి. అప్పుడు చెక్క తక్కువ పోతుంది. కింద పెట్టడానికి నేను నా పాత విజిటింగ్ కార్డులు వాడతా. రిటైరయ్యాక వాటికి ఇంకేం పని? నాలుగు పక్కలా చెక్క చీలలు కొట్టి బిగించండి, పలక ఏ పక్కకూ కదలకూడదు. చీలలు పలక కంటే బాగా తక్కువ ఎత్తులో ఉండాలి, బిట్టుకు అందకూడదు. ఇనుప మేకులు, స్క్రూలు ఆ చుట్టుపక్కలే వద్దు.

ఇక్కడ కూడా చివరి దంటు ఉందా? ఉంది! రౌటరు బిట్టు కూడా పలక దాటి బయటికి వచ్చేచోట అంచును చీలుస్తుంది. అందుకే పలక చుట్టూ ప్యాకింగ్ పెట్టెల చెక్క దబ్బలు, పలకంత మందం ఉన్నవి, జిగురుతో అతికించండి. చీలితే ఆ దబ్బ చీలుతుంది. పనయ్యాక దాన్ని కోసేస్తాం. ఆ దబ్బలను అందంగా ఉన్నాయని ఫ్రేములాగా శాశ్వతంగా ఉంచేస్తామంటారా? ఉంచొద్దు. ఎండ్ గ్రెయిన్ పలక గాలిలో తేమను బట్టి పొడవులోనూ వెడల్పులోనూ పెరుగుతుంది, తగ్గుతుంది. చుట్టూ ఉన్న దబ్బ పొడవులో దాదాపు కదలదు. మన ఎండాకాలం ఒకటి, కార్తీకం వానలు ఒకటి చూసేసరికి ఎక్కడో ఒకచోట పగులుతుంది.

ఒక్కసారికి ఎంత తీయాలి? ఒక మిల్లీమీటరు. చివరిసారి అందులో సగం కూడా వద్దు. బిట్టు వెడల్పులో సగం సగం మీద పడేటట్టు వరసలు వేసుకుంటూ పోవాలి. బిట్టు తిరిగే దిశకు ఎదురుగా తోయాలి. అప్పుడు రౌటరు మీ చేతిని కొంచెం వెనక్కి నెట్టినట్టుంటుంది. అదే మంచిది. ముందుకు లాక్కుపోతున్నట్టుంటే దిశ తప్పిందని అర్థం, ఆపండి.

బిట్టు గురించి కొంచెం లెక్క చెప్తా, లెక్కలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వెడల్పు బిట్టు అయితే పని తొందరగా అవుతుందని 50 మిల్లీమీటర్లది కొంటారు. మంచిదే. రౌటరు వేగం నిమిషానికి 24,000 చుట్లు అనుకోండి. ఆ బిట్టు అంచు ఎంత వేగంతో పోతుంది? గంటకు 226 కిలోమీటర్లు! హైదరాబాదు బస్సు హైవే మీద కూడా అందులో సగం పోదు. అదే 12,000కు తగ్గిస్తే 113. అందుకే వెడల్పు బిట్టు పెడితే వేగం తగ్గించాలి. తగ్గించే చక్రం లేని చిన్న ట్రిమ్మర్లు ఉంటాయి, 6 మిల్లీమీటర్ల కాడ పట్టేవి, లామినేట్ అంచులు కోయడానికి వాడేవి. వాటికి వెడల్పు బిట్టు పెట్టొద్దు. దాని పని అది కాదు. బిట్టు కాడను లోపలికి మొత్తం దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి, అప్పుడు బిగించాలి. బిట్టు మార్చే ప్రతిసారీ ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదా అంటే, చాలదు.

స్విచ్ అంటే గుర్తొచ్చింది. ఇది ఏ వీడియోలోనూ చెప్పరు, ఎందుకంటే వాళ్ల ఊళ్లో కరెంటు పోదు. మన ఊళ్లో పోతుంది. పోయిన ఏడాది వేసవిలో నేను రౌటరు నడుపుతుంటే కరెంటు పోయింది. శబ్దం ఆగింది. హమ్మయ్య, మజ్జిగ తాగొద్దాం అని లోపలికి పోయా. రౌటరు స్విచ్ ఆన్‌లోనే ఉంది! మజ్జిగ సగం తాగానో లేదో, షెడ్డులో ఒకటే రొద. కరెంటు వచ్చింది. రౌటరు తనంతట తానే లేచి, బండిని పట్టుకొని పట్టాల మీద ఊరేగుతోంది. నేను చేసిన రెండో తెలివితక్కువ పని ఏంటో తెలుసా? దాన్ని పట్టుకోవడానికి పరిగెత్తాను. పట్టుకోకూడదు. గోడ దగ్గర స్విచ్ ఆపాలి. అది గుర్తొచ్చేసరికి పలకలో ఒక గుంట పడింది. చూపిస్తా, ఇదిగో. ఇప్పుడు ఇందులో ఉప్పు పోసుకుంటున్నాం.

కాబట్టి కరెంటు పోగానే మొదట స్విచ్, తర్వాత ప్లగ్గు, ఆ తర్వాతే మజ్జిగ. కరెంటు పోయి వస్తే మళ్లీ నొక్కితే తప్ప నడవని స్విచ్చులు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను అడిగి పెట్టించుకోండి. ఇంకొకటి, 1600 వాట్ల రౌటరు ఏడు ఆంపియర్లు లాగుతుంది. సెల్ఫోన్ ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు పెట్టొద్దు. 16 ఆంపియర్ల సాకెట్టు, ఎర్తింగు ఉండాలి.

మీద తువ్వాలు వేసుకొని వచ్చినవాళ్లు ఎంతమంది? ముగ్గురు. తీసి కుర్చీకి వేయండి అన్నా. తిరిగే మిషన్ దగ్గర తువ్వాలు వద్దు, వదులు చొక్కా చేతులు వద్దు, మెడలో వేలాడే గొలుసు వద్దు. చేతికి గ్లౌజులు కూడా వద్దు. ఆశ్చర్యంగా ఉందా? గ్లౌజు బిట్టుకు చిక్కితే చేతితో సహా లాక్కుపోతుంది. కళ్లకు అద్దాలు, చెవులకు మూత, ముక్కుకు ఎన్95 మాస్కు. కరోనా నాటి ఎన్95లు ఇంట్లో మిగిలి ఉంటే అవే. కట్టెపొట్టే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ముక్కు లోపల వచ్చే క్యాన్సర్.

రౌటరు అయ్యాక పలక మీద దున్నిన చేనులాగా సాళ్లు కనిపిస్తాయి. భయపడకండి, అవి రుద్దుడుకు పోతాయి. 60 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టాలి. 120తో మొదలుపెడితే సాయంత్రం దాకా రుద్దుతూనే ఉంటారు. ఎండ్ గ్రెయిన్ అంత మొండిది. 60, 80, 120, 180. సాళ్లు పూర్తిగా పోయేదాకా 60 వదలొద్దు. రుద్దే మిషన్‌ను గట్టిగా అదమొద్దు, చెక్క మాడి నల్లబడుతుంది. తర్వాత తడిగుడ్డతో తుడిస్తే పోగులు లేచి గరుకవుతుంది. ఆరాక మళ్లీ 180తో తేలిగ్గా ఒకసారి. మేలో అయితే ఆరడానికి పది నిమిషాలు కూడా పట్టదు, అదొక్కటే మన ఎండ మనకు చేసే మేలు.

నూనె? మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ దొరుకుతుంది, అది పట్టించండి, తాగినంత తాగనివ్వండి. చెనక్కాయ నూనె ఇంట్లో ఉంది కదా అని రాయకండి. అది ఆరదు, నాలుగు వారాలకు పలక పాత నూనె వాసన కొడుతుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డను ఉండచుట్టి మూలన పడేయొద్దు, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి.

ఇక నా మాటలు చాలు, బల్ల దగ్గరికి రండి. ఈ పలక ఇంకా చదును చేయలేదు, మీకోసమే ఉంచా. ముందు ఊగుతుందో లేదో మీరే నొక్కి చూడండి. కార్డులు ఇవిగో, ఎన్ని పెట్టాలో మీరే చెప్పండి. ఆచారి గారూ, చీలలు మీరు కొడతారా? అద్దాలు, మాస్కులు ఆ డబ్బాలో ఉన్నాయి, అందరూ పెట్టుకున్నాకే ప్లగ్గు పెడతా. తమ్ముడూ, నువ్వు ఆ గోడ స్విచ్ దగ్గర నిలబడు. నేను చెయ్యెత్తితే ఆపెయ్.